కొత్త ఒక వింత, పాత ఒక రోత: కంప్యూటర్ పథకాల్లో ఎడతెగని మీమాంస

న్యూఢిల్లీ: దేశంలో రైల్వే రిజర్వేషన్లకు ఆధారమైన కంప్యూటర్ వ్యవస్థను సమూలంగా మార్చనున్నట్లు రైల్వే శాఖ 2025 జూన్‌లో ప్రకటించింది. నిమిషానికి 32 వేల టిక్కెట్లు జారీ చేసే సామర్థ్యాన్ని లక్షా 50 వేలకు మించి పెంచాలని, నిమిషానికి 4 లక్షల విచారణలకు బదులు 40 లక్షలకు పైగా విచారణలకు సమాధానం ఇచ్చేలా తీర్చిదిద్దాలని, ఇదంతా ఆ ఏడాది డిసెంబరు నాటికి జరగాలని లక్ష్యంగా నిర్దేశించుకుంది. ఆ తర్వాత ఆగస్టులో రైల్వే మంత్రి పార్లమెంటుకు మరో సంగతి తెలియజేశారు. అప్పటికి నడుస్తున్న వ్యవస్థను 2010లో నెలకొల్పారని, అది ఐటేనియం సర్వర్లపై, ఓపెన్ వీఎంఎస్ అనే ఆపరేటింగ్ సిస్టమ్‌తో పనిచేస్తోందని ఆ వివరణ సారాంశం.

సామాన్య పాఠకులకు ఈ రెండు పేర్లూ కొత్తగా వినిపించవచ్చు. కంప్యూటర్ రంగంలో ఉన్నవారికి మాత్రం ఇవి పాత పేర్లు. ఐటేనియం చిప్‌ల సరఫరాను ఇంటెల్ సంస్థ 2021లోనే నిలిపివేసింది. వీఎంఎస్ పుట్టింది 1977లో. ఉదయం పది గంటలకు ఏసీ తరగతుల తత్కాల్, పదకొండుకు మిగిలిన తరగతుల తత్కాల్ తెరుచుకోగానే దేశం నలుమూలల నుంచి ఒక్కసారిగా వచ్చిపడే ఒత్తిడిని ఇన్నాళ్లూ మోసినది ఈ ముదుసలి వ్యవస్థే. ఇంత పాతదాన్ని ఇంతకాలం ఎందుకు అట్టిపెట్టుకున్నారన్నది ఎవరికైనా మొదట తోచే ప్రశ్న. ఇంతకాలం నిలబడినదాన్ని ఇప్పుడు ఎందుకు కదపవలసి వచ్చిందన్నది ఆ వెంటనే తోచవలసిన ప్రశ్న.

ఈ రెండు ప్రశ్నలూ రైల్వేలకే పరిమితం కావు. బ్యాంకు అయినా, స్టాక్ ఎక్స్ఛేంజీ అయినా, పన్నుల శాఖ అయినా ఒక సాఫ్ట్‌వేర్ పథకాన్ని తలపెట్టిన మొదటి రోజునే ఈ మీమాంస ఎదురవుతుంది. చేయి తిరిగిన పనిముట్లతో పని కానివ్వాలా, కొత్తగా వచ్చిన వాటిని ఎన్నుకోవాలా? కొత్త ఒక వింత, పాత ఒక రోత అన్నది మన సామెత. విక్రేతలు వింతను వర్ణించి అమ్ముతారు. వాడుకదారులు రోతను భరిస్తూ కాలం గడుపుతారు. గత నలభై ఏళ్లలో మన దేశంలో జరిగిన కొన్ని పెద్ద ప్రయత్నాలను పరిశీలిస్తే వివాదం పాత కొత్తల మధ్య కాదని, పథకంలో ఏ భాగానికి కొత్తదనం అవసరమో గుర్తించడంలోనే చిక్కంతా ఉందని అర్థమవుతుంది.

రిజిస్టర్ల నుంచి తెరల మీదికి

1985కు పూర్వం రైలు బెర్తు కోరుకునే ప్రయాణికుడు తన రైలుకు కేటాయించిన కౌంటరు ఏదో వెతుక్కుని వరుసలో నిలబడవలసి వచ్చేది. గుమాస్తా ఎదుట లావుపాటి రిజిస్టరు ఉండేది. మధ్య స్టేషన్ల కోటాలకు, తిరుగు ప్రయాణాల రిజర్వేషన్లకు తంతి సమాచారమే శరణ్యం. ఒక రైలు కౌంటరు వద్ద జనం కిటకిటలాడుతుంటే పక్క కౌంటరు ఖాళీగా ఉండటం మామూలే.

ఈ పద్ధతికి స్వస్తి చెప్పేందుకు ప్రభుత్వ రంగంలోని కంప్యూటర్ మెయింటెనెన్స్ కార్పొరేషన్, అంటే సీఎంసీ, ఇంప్రెస్ అనే సాఫ్ట్‌వేర్‌ను రూపొందించింది. 1985-86లో అది న్యూఢిల్లీలో అమలులోకి వచ్చింది. ఏ కౌంటరులోనైనా ఏ రైలుకైనా టిక్కెట్టు ఇవ్వగలగడం అప్పట్లో విప్లవాత్మకమైన మార్పు. అయితే ఈ కొత్త ఆలోచనను నిర్మించేందుకు ఎంచుకున్న సామగ్రి ఏమంత కొత్తది కాదన్నది గమనార్హం. డిజిటల్ ఎక్విప్‌మెంట్ అనే అమెరికన్ సంస్థ తయారుచేసిన వాక్స్ యంత్రాలు, వాటి మీద వీఎంఎస్ అప్పటికే ఎనిమిదేళ్లుగా వాడుకలో ఉన్నవి. కార్యక్రమాలు రాసిన ఫోర్ట్రాన్ భాష 1957 నాటిది. ఐబీఎం సంస్థ 1978లో భారతదేశం నుంచి నిష్క్రమించినప్పుడు ఇక్కడ మిగిలిపోయిన దాని యంత్రాల నిర్వహణ భారం సీఎంసీపైనే పడింది. ఎక్కడో తయారైన యంత్రం చెడిపోతే, చేసినవాడు దగ్గర లేనప్పుడు, దాన్ని బాగుచేసుకోవడం ఎంత కష్టమో ఆ ఇంజనీర్లకు వేరొకరు చెప్పనక్కరలేదు.

రెండో అంకం మన ప్రాంతంలోనే మొదలైంది. ఢిల్లీ, ముంబయి, కలకత్తా, మద్రాసు, సికింద్రాబాద్ రిజర్వేషన్ కేంద్రాలు అప్పట్లో ఎవరి లెక్క వారిదిగా పనిచేసేవి. ఒక కేంద్రం కంప్యూటరుకు మరో కేంద్రం రైళ్ల సంగతి తెలిసేది కాదు. వీటన్నిటినీ కలిపేందుకు రైల్వే సమాచార వ్యవస్థల కేంద్రమైన క్రిస్ ఆధ్వర్యంలో కాన్సర్ట్ అనే సాఫ్ట్‌వేర్ తయారైంది. 1994లో మొదటగా దాన్ని నెలకొల్పింది సికింద్రాబాద్‌లో. అక్కడ నిలదొక్కుకున్న తర్వాతే మిగిలిన కేంద్రాలకు విస్తరించారు. 1999 ఏప్రిల్ నాటికి అయిదు కేంద్రాల అనుసంధానం పూర్తయింది. సికింద్రాబాద్ కౌంటరులో నిలబడినవాడు హౌరా నుంచి బయలుదేరే రైలుకు టిక్కెట్టు కొనగలిగింది ఆనాటి నుంచే.

కాన్సర్ట్‌లోనూ కొత్తదనాన్ని ఒక్కచోటికే పరిమితం చేశారు. వీఎంఎస్‌ను మార్చలేదు. ప్రధానంగా వాడిన సీ భాష అప్పటికి రెండు దశాబ్దాలుగా లోకానికి తెలిసినదే. ఒక కౌంటరు నుంచి వచ్చిన అభ్యర్థనను ఆ రైలు ఏ కేంద్రం అధీనంలో ఉందో కనుగొని అక్కడికి చేరవేసే ఏర్పాటు మాత్రమే కొత్తది. మధ్యలో లైను తెగిపోతే డబ్బు పుచ్చుకుని బెర్తు ఇవ్వకపోవడం, ఒకే బెర్తును ఇద్దరికి ఇవ్వడం వంటివి జరగకుండా చూసేది ఆ ఏర్పాటే. ఇంజనీర్లు తమ జాగ్రత్తనంతా దానిమీదే కేంద్రీకరించగలిగారు. మిగిలినవి వారికి తెలిసిన దారులే కనుక తప్పు జరిగితే ఎక్కడ వెతకాలో ముందే తెలుసు.

గుమ్మం మారింది, గర్భగుడి మారలేదు

2002 ఆగస్టులో ఐఆర్‌సీటీసీ ఇంటర్నెట్ ద్వారా టిక్కెట్ల విక్రయాన్ని ప్రారంభించింది. తొలినాళ్లలో టిక్కెట్టు కొరియర్ ద్వారా ఇంటికి వచ్చేది. ఇంట్లోనే అచ్చువేసుకునే ఈ-టిక్కెట్టు 2005లో వచ్చింది. జనం తాకిడికి వెబ్‌సైటు తరచు మొరాయిస్తుండగా 2014లో కొత్త తరం ఈ-టికెటింగ్ వ్యవస్థను ప్రవేశపెట్టారు. నిమిషానికి 2 వేల టిక్కెట్లుగా ఉన్న సామర్థ్యం 7,200కు పెరిగింది. తరచు అవసరమయ్యే సమాచారాన్ని డిస్కుల మీద కాక కంప్యూటర్ల జ్ఞాపకశక్తిలోనే సిద్ధంగా ఉంచుకునే అప్పటి సరికొత్త పద్ధతిని ఇందులో వినియోగించారు.

ఇంత జరిగినా బెర్తు ఎవరిదో తేల్చే అసలు లెక్క మాత్రం వెనుక ఉన్న పాత రిజర్వేషన్ వ్యవస్థలోనే జరుగుతూ వచ్చింది. గుమ్మం మూడుసార్లు మారింది, గర్భగుడి మారలేదు. దీన్ని కొందరు బద్ధకమని విమర్శిస్తారు. ఆ విమర్శ పూర్తిగా సబబు కాదు. గుమ్మం వద్ద తప్పు జరిగితే ప్రయాణికుడు విసుక్కుని మళ్లీ ప్రయత్నిస్తాడు. లెక్కలోనే తప్పు దొర్లితే ఒకే బెర్తుకు ఇద్దరు మనుషులు, రెండు సరైన టిక్కెట్లతో, అర్ధరాత్రి రైల్లో ఎదురెదురుగా నిలబడతారు.

రైల్వే రిజర్వేషన్ లెక్క సినిమా హాలు లెక్క వంటిది కాదు. సికింద్రాబాద్‌లో ఎక్కినవాడు నాగపూర్‌లో దిగితే అదే బెర్తును నాగపూర్ నుంచి ఢిల్లీ వరకు మరొకరికి ఇవ్వాలి. సాధారణ కోటా, మహిళల కోటా, మధ్య స్టేషన్ల కోటా, అత్యవసర కోటా, తత్కాల్ కోటా వేర్వేరు. ఆర్ఏసీ ప్రయాణికులిద్దరికి ఒకే బెర్తు మీద కూర్చునే హక్కు ఉంటుంది. ఒకరు రద్దు చేసుకుంటే వెనుక ఉన్న వరుసంతా ముందుకు జరగాలి. రద్దు చేసుకున్న సమయాన్ని బట్టి వాపసు మారుతుంది. వృద్ధులకు కింది బెర్తు దొరికే అవకాశం చూడాలి. ఇవన్నీ ఏదో ఒక సర్క్యులర్‌తో పుట్టి, మరో సర్క్యులర్‌తో సవరణ పొంది, చివరకు సాఫ్ట్‌వేర్‌లో కొన్ని పంక్తులుగా స్థిరపడినవే. దశాబ్దాలు గడిచేసరికి ఏ నిబంధన ఏ కారణంగా ఏర్పడిందో కాగితాల కంటే కచ్చితంగా ఆ పంక్తులకే తెలుస్తుంది. సర్క్యులర్లు మాత్రమే చూసి కొత్త సాఫ్ట్‌వేర్ రాసేవారికి సగం సంగతి తెలియదు.

తెలిసిన సాంకేతిక పరిజ్ఞానమంటే లోపం లేనిదని కాదు. దాని లోపాలు తెలిసినవని అర్థం. ఏ రోజున నెమ్మదిస్తుందో, ఏ భాగం ముందు అలసిపోతుందో, రాత్రి రెండు గంటలకు ఆగిపోతే ఎవరిని నిద్రలేపాలో తెలిసి ఉంటుంది. కొత్త పనిముట్టు ప్రదర్శనలో ఎంత వేగంగా పరుగెత్తినా ఈ సమాచారం మాత్రం దానితోపాటు రాదు. కొన్నవాడే, కొన్నేళ్లపాటు, కొన్ని దెబ్బలు తిని సంపాదించుకోవలసినది అది. ఇల్లు అలకగానే పండుగ కాదని పెద్దలు ఊరికే అనలేదు. సాఫ్ట్‌వేర్‌కు ప్రారంభోత్సవం జరిగిన మర్నాటి నుంచి మొదలయ్యే ఖర్చు టెండరు పత్రాల్లో కనిపించేదానికంటే చాలా పెద్దది.

చేతులు మారిన కంపెనీ

మరి అంత నమ్మకమైనదాన్ని మార్చడం ఎందుకు? జవాబు రైల్వేల చేతిలో లేని సంఘటనల్లో ఉంది. వాక్స్ యంత్రాలను తయారుచేసిన డిజిటల్ సంస్థను 1998లో కాంపాక్ కొనుగోలు చేసింది. 2002లో కాంపాక్ హ్యూలెట్ ప్యాకర్డ్‌లో కలిసిపోయింది. కొత్త యజమాని వీఎంఎస్‌ను ఐటేనియం చిప్‌ల మీదికి మళ్లించాడు. ఆ చిప్‌లు మార్కెట్లో నిలదొక్కుకోలేదు. 2013లో వీఎంఎస్‌కు క్రమంగా స్వస్తి చెప్పనున్నట్లు హ్యూలెట్ ప్యాకర్డ్ ప్రకటించడంతో ప్రపంచవ్యాప్తంగా దానిమీద ఆధారపడిన సంస్థలు ఉలిక్కిపడ్డాయి. మరుసటి ఏడాది అమెరికాలోని ఒక చిన్న కంపెనీ హక్కులు పొంది దాన్ని బతికించింది. మామూలు చిప్‌లపై నడిచే వీఎంఎస్ చివరకు 2022లో వెలువడింది. అప్పటికి ఐటేనియం సరఫరా ఆగిపోయి దాదాపు ఏడాది అయింది. ఈ మార్పుల్లో ఏ ఒక్కదానిలోనూ రైల్వేల తప్పు లేదు. అయినా వాటి ఫలితం మాత్రం రైల్వేలే అనుభవించవలసి వచ్చింది. పాతదాన్ని నమ్ముకున్నవాడికి పొంచివుండే ప్రమాదం ఇదే. పనిముట్టు ఒకనాడు హఠాత్తుగా విరగదు; విడిభాగాలు అమ్మే దుకాణాలు ఒక్కొక్కటే మూతపడతాయి.

పాతదానితో సాగడం ఎప్పుడూ చౌక అనుకోవడం కూడా పొరపాటే. ముంబయిలోని మల్టీ కమోడిటీ ఎక్స్ఛేంజీ, అంటే ఎంసీఎక్స్, తన ట్రేడింగ్ సాఫ్ట్‌వేర్ కోసం ఆదినుంచీ ఒకే సరఫరాదారుపై ఆధారపడింది. ఆ ఒప్పందం గడువు 2022 సెప్టెంబరుతో ముగియనుండగా కొత్త సాఫ్ట్‌వేర్ బాధ్యతను టీసీఎస్‌కు అప్పగించింది. గడువు నాటికి అది సిద్ధం కాలేదు. ట్రేడింగ్ ఒక్కరోజు కూడా ఆగడానికి వీల్లేదు కనుక పాత ఒప్పందాన్నే విడతలు విడతలుగా పొడిగించుకుంటూ పోవలసి వచ్చింది. 2023 జూలై నుంచి మూడు నెలలకు 125 కోట్ల రూపాయల చొప్పున చెల్లించేందుకు ఎక్స్ఛేంజీ అంగీకరించింది. కొత్త వ్యవస్థ ఎట్టకేలకు 2023 అక్టోబరు 16న పనిచేయనారంభించింది. పాత ఇంటి అద్దె ఎంతో ఖాళీ చేసే నాడు గాని తెలియదన్నట్లయింది ఎంసీఎక్స్ పరిస్థితి.

యంత్రాల సంగతి అలా ఉంచితే మనుషుల కొరత మరో సమస్య. పరిచయమన్నది యంత్రానికి సంబంధించినది కాదు, మనుషులకు సంబంధించినది. తెలిసినవారు పదవీ విరమణ చేస్తే తెలిసిన సాంకేతిక పరిజ్ఞానమే తెలియనిదిగా మారిపోతుంది. 2000 సంవత్సరం సమీపిస్తున్నప్పుడు అమెరికన్ బ్యాంకుల, బీమా సంస్థల పాత కోబాల్ కార్యక్రమాల్లో తేదీలు సరిదిద్దేందుకు మనవారు వేలాదిగా తరలివెళ్లిన సంగతి తెలుగు పాఠకులకు కొత్త కాదు. ఆ గండం గడిచాక కోబాల్ నేర్పే తరగతులు తగ్గాయి గాని, కోబాల్ కార్యక్రమాలు మాత్రం ఎక్కడివక్కడే ఉండిపోయాయి. 2020 ఏప్రిల్‌లో కొవిడ్ ధాటికి నిరుద్యోగ భృతి దరఖాస్తులు వెల్లువెత్తినప్పుడు దశాబ్దాల నాటి కంప్యూటర్లు తట్టుకోలేకపోవడంతో కోబాల్ తెలిసినవారు ముందుకు రావాలని న్యూజెర్సీ గవర్నర్ ఫిల్ మర్ఫీ బహిరంగంగా విజ్ఞప్తి చేశారు. తెలుగు ఇంజనీర్లు పెద్దసంఖ్యలో నివసించే రాష్ట్రం అది.

హైదరాబాదులో అమీర్‌పేట వీధుల్లో నడిచి వెళితే ఈ సమస్యకు మరో కోణం కనిపిస్తుంది. అక్కడి శిక్షణ కేంద్రాల బోర్డులు కాలానుగుణంగా మారుతూ వచ్చాయి. మెయిన్‌ఫ్రేమ్ స్థానంలో జావా, జావా పక్కన క్లౌడ్, దాని పక్కన కృత్రిమ మేధ. ఉద్యోగాల ప్రకటనలు ఏది కోరితే యువకులు అదే నేర్చుకుంటారు. అందులో వారిని తప్పుపట్టడానికి ఏమీ లేదు. అయితే అదే యువకుడు మూడేళ్ల తర్వాత ఒక పథకానికి పనిముట్లు ఎంపిక చేసే స్థానంలో కూర్చున్నప్పుడు సంస్థకు ఏది మేలన్న ప్రశ్నతోపాటు తన బయోడేటాకు ఏది మేలన్న ప్రశ్న కూడా పక్కన చేరుతుంది. కొత్త పనిముట్టును ఎంచుకున్నవాడు దాన్ని నేర్చుకుని మెరుగైన జీతానికి మరో కంపెనీకి వెళతాడు. దాని లోపాలతో తలపడవలసింది వెనుక మిగిలినవాడు. నిర్ణయించేవారూ, నిర్వహించేవారూ ఒకరే అయిన చోట ఎంపికలు కాస్త భిన్నంగా ఉంటాయని ఈ వృత్తిలో అనుభవజ్ఞులు చెబుతుంటారు.

కొత్తది తప్పని చోట

పాతదే శ్రేష్ఠమని తీర్మానించడానికీ వీల్లేదు. నేషనల్ స్టాక్ ఎక్స్ఛేంజీ 1994లో ప్రారంభమైనప్పుడు బ్రోకర్లను దేశమంతటి నుంచి కంప్యూటర్ తెరల ద్వారా కలపాలని సంకల్పించింది. ముంబయిలో అప్పటికింకా బ్రోకర్లు హాలులో గుమిగూడి కేకలు వేసి షేర్లు అమ్ముకుంటున్న రోజులవి. అందుబాటులో ఉన్న పరిచిత సాధనం టెలిఫోన్ లైను. అది ఎప్పుడు పలుకుతుందో ఎప్పుడు మూగబోతుందో అందరికీ అనుభవమే. అందుచేత ఎక్స్ఛేంజీ ఉపగ్రహ సమాచార వ్యవస్థను ఎంచుకుని బ్రోకర్ల కార్యాలయాల మీద వీశాట్ యాంటెనాలు పెట్టించింది. పెద్ద సాహసమే. కాని ఆ సాహసం ఒక్క సమాచార మార్గానికే పరిమితమైంది. లావాదేవీలు జరిపే ప్రధాన కంప్యూటర్‌గా మాత్రం ఒక భాగం చెడినా ఆగకుండా నడుస్తుందని పేరుపడిన స్ట్రాటస్ యంత్రాన్ని తీసుకున్నారు. తెలిసిన సాధనం విఫలమవుతుందని ముందే తెలిసినప్పుడు తెలియనిదాన్ని పరీక్షించడమే వివేకం.

ఇక్కడ ఒక విచిత్రాన్ని పేర్కొనకుండా ఉండలేం. ఇరవై ఆరేళ్లు గడిచాక, 2021 ఫిబ్రవరి 24న అదే ఎక్స్ఛేంజీలో ట్రేడింగ్ మధ్యాహ్నానికి ముందే ఆగిపోయి గంటల తరబడి నిలిచిపోయింది. ఎక్స్ఛేంజీ చెప్పిన కారణం టెలికాం లింకుల్లో లోపం. తొలినాటి భయం అంత కాలానికి నిజమైంది.

ఆధార్ మరో ఉదాహరణ. తొలి ఆధార్ సంఖ్యను 2010 సెప్టెంబరు 29న మహారాష్ట్రలోని నందుర్బార్ జిల్లా తెంభ్లీ గ్రామంలో జారీ చేశారు. కొత్తగా నమోదైన ప్రతి వ్యక్తి వేలిముద్రలను, కనుపాపలను అంతకుముందు నమోదైన కోట్లాది మందితో పోల్చి చూడాలి. జనాభా మొత్తానికి ఆ పని చేసిన అనుభవం ప్రపంచంలో ఎవరికీ లేదు. ఎన్నుకోవడానికి పాతదంటూ ఏదీ లేని చోట కొత్తది అనివార్యమైంది. విశిష్ట గుర్తింపు సంస్థ ఖరీదైన మహాయంత్రాలకు బదులు బజారులో దొరికే మామూలు సర్వర్లను, అప్పటికింకా లేతగా ఉన్న హడూప్ వంటి స్వేచ్ఛా సాఫ్ట్‌వేర్‌ను వాడింది. అయితే పోలిక పనిని ఒకే కంపెనీకి అప్పగించలేదు. మూడు కంపెనీల సాఫ్ట్‌వేర్లను పక్కపక్కన నడిపి, వేగంలోనూ కచ్చితత్వంలోనూ మెరుగైనదానికి ఎక్కువ పని దక్కే ఏర్పాటు చేసింది. 2016 ఏప్రిల్ నాటికి ఆధార్ సంఖ్యలు 100 కోట్లకు చేరాయి. ఆధార్ వినియోగంపై, వ్యక్తిగత గోప్యతపై చెలరేగిన వివాదాలు వేరు. యంత్రాంగం ఎంపిక విషయంలో మాత్రం తెలియనిదానితో ఎలా వ్యవహరించాలో ఆ సంస్థ చూపింది.

చట్టమూ కొత్తదే అయితే

కొత్తదనమంటే యంత్రాలూ భాషలే అనుకుంటే పొరపాటు. 2017 జూలై 1న వస్తు సేవల పన్ను దేశమంతటా ఒకేరోజున అమలులోకి వచ్చినప్పుడు చట్టం కొత్తది, ఫారాలు కొత్తవి, వాటిని నింపే వ్యాపారికి కంప్యూటరే కొత్త. అమ్మినవాడి బిల్లును కొన్నవాడి బిల్లుతో ప్రతి నెలా సరిపోల్చాలన్న ఆశయంతో మూడు రిటర్నుల విధానాన్ని రూపొందించారు. చివరి తేదీల్లో పోర్టల్ నత్తనడక నడిచింది. 2017 నవంబరు నాటికే అందులో రెండు రిటర్నులను పక్కనబెట్టి 3బి అనే సంగ్రహ రిటర్నుతో సరిపెట్టుకోవలసి వచ్చింది.

తర్వాత వచ్చిన ఈ-ఇన్వాయిస్ విషయంలో ప్రభుత్వం తొందరపడలేదు. 2020 అక్టోబరులో 500 కోట్ల రూపాయలకు మించిన టర్నోవరు గల సంస్థలకు మాత్రమే దాన్ని వర్తింపజేసి, క్రమంగా ఆ పరిమితిని 100 కోట్లకు, 50 కోట్లకు, 20 కోట్లకు, 10 కోట్లకు, 2023 ఆగస్టులో 5 కోట్లకు తగ్గించింది. సొంత కంప్యూటర్ విభాగాలున్న పెద్ద కంపెనీలు ముందుగా అడుగుపెట్టి లోపాలను బయటపెట్టాయి. చిన్న వ్యాపారి వంతు వచ్చేసరికి దారి కొంత చదునైంది.

ఆదాయపు పన్ను శాఖకు ఆ అవకాశం ఉన్నా వాడుకోలేదనిపిస్తుంది. 2021 జూన్ 7న పాత పోర్టల్ స్థానంలో ఇన్ఫోసిస్ రూపొందించిన కొత్తదాన్ని ప్రారంభించగానే లోపాలపై ఫిర్యాదులు వెల్లువెత్తాయి. లాగిన్ కావడం దగ్గరనుంచే తిప్పలు. ఆగస్టు 23న ఆర్థిక మంత్రి నిర్మలా సీతారామన్ కంపెనీ అధిపతిని పిలిపించి సెప్టెంబరు 15లోగా సరిదిద్దాలని గడువు విధించారు. వ్యక్తుల రిటర్నులకు జూలై 31గా ఉండవలసిన గడువు ఆ ఏడాది డిసెంబరు 31 దాకా పాకింది. పాత పోర్టల్ కొన్నాళ్లు తోడుగా నడిచి ఉంటే ఈ అవస్థలో ఎంతో భాగం తప్పేది.

సర్కిల్ వెంట సర్కిల్

తపాలా శాఖ ఇటీవల అనుసరించిన మార్గం దీనికి భిన్నం. మైసూరులోని తపాలా సాంకేతిక నైపుణ్య కేంద్రంలో సొంత సిబ్బంది రూపొందించిన ఏపీటీ అనే కొత్త సాఫ్ట్‌వేర్‌ను ముందుగా కర్ణాటక సర్కిల్‌లో 2025 మే, జూన్ నెలల్లో అమలు చేశారు. అక్కడ ఎదురైన చిక్కులను సవరించుకున్నాక ఒక్కో సర్కిల్‌కు విస్తరించి ఆగస్టు 4 నాటికి దేశవ్యాప్తంగా లక్షా 60 వేలకు పైగా పోస్టాఫీసులకు వర్తింపజేశారు. మార్పిడి రోజున ఆయా పోస్టాఫీసుల్లో లావాదేవీలు ఉండవని ముందుగానే ప్రకటించారు. ఒకరోజు తపాలా ఆగితే జనం సర్దుకుంటారు.

రైళ్లకు ఆ వెసులుబాటు లేదు. రిజర్వేషన్లు ఒక్కపూట ఆగినా ఆ పూట బయలుదేరవలసిన రైళ్ల చార్టులు కావాలి. అంతకంటే పెద్ద చిక్కు మరొకటుంది. ముందస్తు రిజర్వేషన్ గడువును 120 రోజుల నుంచి 60 రోజులకు 2024 నవంబరు 1 నుంచి కుదించారు. అంటే ఏ తేదీన మార్పిడి జరిపినా ఆ నాటికి రాబోయే రెండు నెలల ప్రయాణాల టిక్కెట్లు పాత వ్యవస్థలో కొని జనం జేబుల్లో ఉంచుకునే ఉంటారు. వాటిలో ఖరారైనవి ఉంటాయి, ఆర్ఏసీలు ఉంటాయి, వెయిటింగ్ లిస్టులో వందో స్థానంలో ఉన్నవీ ఉంటాయి. పాత లెక్క ముగిసి కొత్త లెక్క మొదలయ్యే ఖాళీ రోజు అంటూ క్యాలెండరులో ఎక్కడా లేదు.

మార్పిడికి నిపుణులు సాధారణంగా సూచించే పద్ధతులు రెండు. మొదటిది, కొన్ని రైళ్లను మాత్రమే కొత్త వ్యవస్థకు అప్పగించి మిగిలినవి పాతదానిలో ఉంచడం. ఏ రైలు ఏ కేంద్రానిదో చూసి అభ్యర్థనను అక్కడికి పంపే ఏర్పాటు కాన్సర్ట్ కాలం నుంచే ఉన్నందున ఇది ఊహించరానిదేమీ కాదు. రెండోది, ప్రతి అభ్యర్థననూ రెండు వ్యవస్థలకూ పంపి, జవాబు మాత్రం పాతదాని నుంచి తీసుకుంటూ, రెండింటి జవాబులూ ఎక్కడ విభేదించాయో రోజూ పరిశీలించడం. ఖర్చు రెట్టింపు. అయితే సర్క్యులర్లలో కనిపించని నిబంధనలు బయటపడేది ఈ తేడాల్లోనే. ఒక వృద్ధురాలికి పాత వ్యవస్థ కింది బెర్తు ఇచ్చి, కొత్తది పై బెర్తు ఇస్తే, ఆ రెండింటి మధ్య ఎన్నడో మరచిపోయిన ఒక ఉత్తర్వు దాగి ఉందన్నమాట.

రైలు బయలుదేరడానికి నాలుగు గంటల ముందు సిద్ధం చేస్తూ వచ్చిన చార్టును ఎనిమిది గంటల ముందుకు జరపాలని కూడా 2025 జూన్ నాటి నిర్ణయాల్లోనే ఉంది. మధ్యాహ్నం రెండు గంటల లోపు బయలుదేరే రైళ్లకు ముందురోజు రాత్రి తొమ్మిది గంటలకే చార్టు సిద్ధం కావాలని అప్పట్లో నిర్దేశించారు. వెయిటింగ్ లిస్టులో ఉన్నవారు మరో దారి చూసుకునేందుకు కొంత వ్యవధి దొరుకుతుందని దీని ఉద్దేశం. మార్పిడి జరిగే రోజుల్లో ఆ వ్యవధి ఇంజనీర్లకు సైతం అక్కరకు వస్తుంది. పాత లెక్కకూ కొత్త లెక్కకూ పొంతన కుదరకపోతే, రైలు కదిలేలోగా సరిదిద్దుకునేందుకు వారి చేతిలో ఉండేది ఆ వ్యవధే.